ఎందుకు తీసేశారో చెప్పండి

పాఠకుల ప్రశ్నలు, ఒక పాత సబ్ ఎడిటర్ జవాబులు

సోషల్ మీడియాలో మీరు పెట్టింది ఎప్పుడైనా మాయమైందా అని పోయిన నెల ఈ శీర్షికలో అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది కంపెనీని తిట్టారు, పావు మంది ప్రభుత్వాన్ని తిట్టారు, మిగిలినవాళ్లు నన్ను తిట్టారు. అయిదింటికి జవాబు రాస్తున్నాను. నేను లాయర్ని కాను. ఇరవై ఏడేళ్లు విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో కూర్చున్నాను. అందులో పదకొండేళ్లు పాఠకుల లేఖల పేజీ చూశాను. అంటే జనం మాటల్లో ఏది వెయ్యాలి, ఏది బుట్టలో వెయ్యాలి అన్నదే నా ఉద్యోగం.

నంద్యాల జిల్లా నుంచి ఒక స్టాఫ్ నర్సు: రొమ్ములో గడ్డ ఉందేమో ఇంట్లోనే ఎలా చూసుకోవాలో తెలుగులో ఆరు బొమ్మలు గీయించి నా పేజీలో పెట్టాను. మా ఆశా కార్యకర్తలు అందరికీ పంపుతున్నారు. సాయంత్రానికల్లా ‘కమ్యూనిటీ ప్రమాణాల ఉల్లంఘన: నగ్నత్వం, లైంగిక చర్య’ అని రాసి తీసేశారు. నెల రోజులు నేనేమీ పెట్టకూడదట. మా ఆయన చూసి నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు. రాజ్యాంగం వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది కదా, హైకోర్టుకు వెళ్లొచ్చా?

అమ్మా, ముందు మీ అత్తగారికి ఒక సంగతి చెప్పండి. 2020 అక్టోబర్‌లో బ్రెజిల్‌లో ఒకరు ఇన్‌స్టాగ్రామ్‌లో అచ్చం మీ పనే చేశారు. రొమ్ము క్యాన్సర్ లక్షణాలు ఎలా ఉంటాయో చూపే ఎనిమిది ఫొటోలు కలిపి ఒక పోస్టు పెట్టారు. పోస్టుల్ని వడపోసే యంత్రం తీసేసింది. ఆ బొమ్మ మీదే పోర్చుగీసులో ‘రొమ్ము క్యాన్సర్’ అని రాసుంది. ఒంటిని గుర్తుపట్టిన యంత్రం అక్షరాలను గుర్తుపట్టలేదు. ఇన్‌స్టాగ్రామ్ కూడా ఫేస్‌బుక్ కంపెనీదే. గొడవ ఆ కంపెనీ తానే ఏర్పాటు చేసిన, ఇలాంటి తొలగింపుల మీద తీర్పు చెప్పే ఓవర్‌సైట్ బోర్డు దాకా వెళ్లింది. విచారణ మొదలవగానే కంపెనీ ‘పొరపాటైంది’ అని పోస్టును వెనక్కి పెట్టేసింది. బోర్డు అయినా వదల్లేదు. ఆరోగ్య అవగాహన కోసమైతే చూపొచ్చని మీ నిబంధనల్లోనే ఉంది కదా, మనిషి చూడకుండా యంత్రం చేతికి ఎలా వదిలేశారని 2021 జనవరిలో తీర్పు చెప్పింది. కాబట్టి మీరు చేసినది తప్పుపని కాదు. ఆ బ్రెజిల్ మనిషీ మీరూ ఒకేలాంటి యంత్రం బాధితులు.

ఇక హైకోర్టు. రాజ్యాంగం 19(1)(ఎ) కింద ఇచ్చిన హక్కు ప్రధానంగా ప్రభుత్వం మన నోరు నొక్కకుండా ఇచ్చినది. కంపెనీ ప్రభుత్వం కాదు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 4–1 మెజారిటీతో ఒక మాట అంది: 19, 21 (ప్రాణ, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణాల హక్కులను ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయొచ్చని. దాన్ని పట్టుకుని వాదించే లాయర్లున్నారు. కానీ నెల రోజుల తాళానికి మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. దగ్గరి దారి ఉంది.

2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం, మన దేశంలో 50 లక్షలకు పైగా రిజిస్టర్డ్ వాడకందార్లున్న ప్రతి వేదికా తనంతట తాను ఏదైనా తీసేస్తే, ఎందుకు తీస్తున్నదో మీకు ముందే చెప్పాలి, మీరు కాదనడానికి అవకాశమివ్వాలి. ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా వాళ్ల సైట్‌లో ఉండాలి. ముందు యాప్‌లోనే అప్పీలు నొక్కండి. లాభం లేకపోతే ఆ అధికారికి రాయండి. అక్కడా పని కాకపోతే, జవాబు అందిన 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. 2023 జనవరిలో ఇలాంటివి మూడు ఏర్పాటు చేశారు. అంతా ఆన్‌లైనే, బస్సెక్కే పని లేదు. (కమిటీలను వేసేది కేంద్రమే. అది నాకు నచ్చని సంగతి. అయినా ఉన్న తలుపు తట్టాలి కదా.)

ఫిర్యాదులో ‘నా హక్కు కాలరాశారు’ అని మొదలుపెట్టకండి. అది చదివేవాడు అలాంటివి పొద్దుట్నుంచీ చదువుతుంటాడు. ఇలా రాయండి: ‘ఫలానా తేదీ, ఫలానా గంటకు పెట్టిన పోస్టు, లింకు ఇది. మీరు పంపిన నోటీసు స్క్రీన్‌షాట్ ఇది. మీ నగ్నత్వ నిబంధనలోనే ఆరోగ్య అవగాహనకు మినహాయింపు ఉంది. నేను రిజిస్టర్డ్ నర్సును. మూడో బొమ్మలో ఉన్నది గడ్డను తడిమి చూసే మూడు వేళ్లు.’ అంతే. పది వాక్యాలు దాటొద్దు. మీది ప్రభుత్వాసుపత్రి అయితే సూపరింటెండెంటుగారి చెవిన ముందే ఒక మాట వేయండి, తర్వాత ఆ వైపు నుంచి నోటీసు రాకుండా.

ఈ ‘ఎందుకు తీసేశారు’ అన్న దాంట్లో నాకొక పాత బాకీ ఉంది. తొంభైల్లో దివిసీమ నుంచి ఒకాయన తన ఊరి కల్వర్టు గురించి మూడుసార్లు పోస్టుకార్డు రాశాడు. మూడుసార్లూ వేయలేదు. ఒకరోజు ఆయనే గొడుగు చంకన పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. చెప్పులు డెస్కు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, ‘వేయకపోతే మానె బాబూ, ఎందుకు వేయలేదో చెప్పండి. నా రాత బాగోలేదా, నా మాట తప్పా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మొదటిసారి పేజీలో సగం రాత్రికి రాత్రి ప్రకటన మింగేసింది. రెండోసారి కార్డు పెన్సిల్‌తో రాసుంటే సాంతం చదవలేదు. మూడోది గుర్తే లేదు. ‘స్థలాభావం’ అన్నాను. ఆయన ఆ మాటను పెదాల మీద ఒకసారి పలికి చూసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మీకొచ్చిన నోటీసులో ‘కమ్యూనిటీ ప్రమాణాల ఉల్లంఘన’ అని ఉందని రాశారే, అది మా స్థలాభావానికి మనవరాలు.

హన్మకొండ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: సర్, ప్రైవేటు కంపెనీ అంటే వాళ్ల ఇల్లు. ఎవర్ని రానియ్యాలె, ఎవర్ని పంపియ్యాలె అన్నది వాళ్లిష్టం. నచ్చకపోతే ఇంకో యాప్‌ల పెట్టుకోవాలె. మధ్యల వాక్ స్వాతంత్ర్యం లొల్లి ఎందుకు?

తమ్ముడూ, అమెరికా చట్టం లెక్కన నువ్వు చాలావరకు కరెక్టే. వేదికలు రాతల్ని తీసేయకుండా టెక్సస్, ఫ్లోరిడా రాష్ట్రాలు 2021లో చట్టాలు చేశాయి. 2024 జూలైలో అక్కడి సుప్రీంకోర్టు ఆ రెండు కేసుల్నీ మళ్లీ సరిగ్గా చూడమని కింది కోర్టులకు పంపుతూ, ఏది ఉంచాలి, ఏది తీయాలి అని ఎంచుకోవడం కూడా పత్రిక ఎడిటర్ చేసే పనిలాంటి వ్యక్తీకరణే అంది. అంటే వాక్ స్వాతంత్ర్యం కంపెనీకే ఉందన్నమాట!

కానీ ఆ ‘ఇల్లు’ అన్న పోలిక దగ్గర నేను ఆగిపోతాను. మా నాన్న గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమస్తా. క్వార్టర్స్, రోడ్లు, బడి, గుడి, కిరాణా కొట్టు, శనివారం సినిమా వేసే రేకుల షెడ్డు, అన్నీ ఫ్యాక్టరీవే. కరపత్రాలు పంచేవాడు గేటు దాటి లోపలికొస్తే వాచ్‌మన్ లాక్కుని చింపేసేవాడు. అందుకని ఆ మనిషి గేటు బయట కాలవ గట్టు మీద నిలబడి, సైరన్ మోగాక సైకిళ్ల మీద వచ్చేవాళ్ల హ్యాండిల్‌లో కాగితం దోపేవాడు. నాన్న ఇంటికొచ్చాక దాన్ని మడిచి పంచాంగంలో పెట్టేవారు. రోడ్డు ఫ్యాక్టరీదే, ఒప్పుకుంటాను. మరి దాని మీద నడిచే మూడొందల కుటుంబాలు?

అమెరికాలోనూ ఇలాంటి ఊరుండేది. అలబామాలో చికసా. ఊరు మొత్తం ఒక ఓడల కంపెనీది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన గ్రేస్ మార్ష్ పోస్టాఫీసు దగ్గర కాలిబాట మీద నిలబడి తన మతం కాగితాలు పంచుతుంటే, పరాయి స్థలంలో చొరబడ్డావని అరెస్టు చేశారు. 1946లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. యజమాని తన స్థలాన్ని జనం కోసం ఎంత తెరిస్తే, అతని హక్కులకు అక్కడుండే జనం రాజ్యాంగ హక్కులు అంత పరిమితి పెడతాయన్నది తీర్పు సారం. ఇదే వాదనను యూట్యూబ్ మీద తెస్తే మాత్రం 2020లో అక్కడి అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఎంత జనం ఎక్కినా యూట్యూబ్ ప్రైవేటుదే అంది. అందుకే నిన్ను చాలావరకు కరెక్టు అన్నాను.

‘ఇంకో యాప్’ అంటావా, పైనున్న నర్సమ్మను అడుగు. ఆవిడ ఇంకో యాప్‌కి పోగలదు. ఆశా కార్యకర్తలు, వాళ్ల పక్కింటి వాళ్లు, ఆ పక్కింటావిడ చెల్లెలు, అందర్నీ మోసుకుని పోగలదా?

నీ బోటి కుర్రాళ్లకు తెలిస్తే బాగుండు అనిపించే కథ ఒకటుంది. కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ కంపెనీ మీద పరువునష్టం కేసు పడింది. మేం ఏమీ చదవం, పుస్తకాల కొట్టులాంటి వాళ్లం అంది. 1991లో కోర్టు వదిలేసింది. ఆ తర్వాత ప్రాడిజీ అనే ఇంకో కంపెనీ మీద పడింది. వాళ్లు బూతులూ తిట్లూ ఏరి పారేసేవాళ్లు. ఏరుతున్నావంటే నువ్వు పత్రికవే, బాధ్యత నీదే అంది కోర్టు 1995లో. ఇల్లు ఊడ్చుకున్నవాడికి జరిమానా, చెత్త వదిలేసినవాడికి మాఫీ! ఈ తిరకాసు విప్పడానికే 1996లో అమెరికా కాంగ్రెస్ సెక్షన్ 230 తెచ్చింది. జనం రాసిన దానికి వేదికది బాధ్యత కాదు, మంచి ఉద్దేశంతో ఏరి పారేసినా తప్పు కాదు అని. మన ఐటీ చట్టంలో సెక్షన్ 79 దాని దూరపు చుట్టం. షరతులు ఎక్కువ.

మాకు అలాంటి గొడుగు లేదు. పేపర్ అడుగున ఎడిటర్ పేరు అచ్చేయాలి, అది చట్టం. నేను వేసిన ఒక ఉత్తరానికి మా ఎడిటర్‌గారు రెండేళ్లు మేజిస్ట్రేట్ కోర్టుకు తిరిగారు. ప్రతి వాయిదాకీ ముందురోజు నా బల్ల దగ్గరికొచ్చి, ‘రేపు నీ ఉత్తరం పని మీద వెళుతున్నానోయ్’ అనేవారు. వేదికలకు ఆ తిప్పలు తప్పించడం మంచిదే. తప్పించకపోతే భయపడి మన రాతలన్నీ తీసేస్తారు. నా పట్టు ఒక్కటే. చీపురు పట్టే వెసులుబాటు ఇచ్చాం, ఊడ్చి పారేసిన దానికి లెక్క చెప్పక్కర్లేదని ఇవ్వలేదు.

మచిలీపట్నం నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్: కంపెనీల సంగతి సరే. వెనకాల ఉండి ప్రభుత్వమే తీయిస్తే?

మాస్టారూ, ఎవరి పోస్టు పోయినా నేను అడిగే మొదటి ప్రశ్న అదే: కంపెనీ తీసిందా, కంపెనీ చేత తీయించారా? నోటీసులో ‘చట్టపరమైన అభ్యర్థన మేరకు భారత్‌లో కనిపించదు’ అన్న ధోరణి ఉంటే చెయ్యి కంపెనీదే, మాట వేరేవాళ్లది. అప్పుడు 19వ అధికరణం నేరుగా పనికొస్తుంది, అప్పుడు లాయర్ దగ్గరికి వెళ్లాలి.

2012 నవంబర్‌లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ మీద పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. ఆన్‌లైన్‌లో ‘అభ్యంతరకర’ రాతల్ని నేరం చేసిన ఐటీ చట్టం సెక్షన్ 66ఎ పేరు దేశమంతా తెలిసింది అప్పుడే. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌ను కొట్టేసిన ఇద్దరు జడ్జిల ధర్మాసనంలో ఒకరు మీ కృష్ణా జిల్లా పెదముత్తేవి నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. తీర్పు రాసింది జస్టిస్ రోహింటన్ నారీమన్. ఎవరో ఫిర్యాదు చేశారని కాదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే వేదిక తీయాల్సిన బాధ్యత ఉంటుందని కూడా అదే తీర్పు చెప్పింది. చచ్చిన సెక్షన్ కింద పోలీసులు ఆ తర్వాత కూడా కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది.

అయితే 69ఎ సెక్షన్‌ను ఆ తీర్పు ఉంచేసింది. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి కేంద్రం బ్లాక్ చేయించేది దాని కిందే. 2009 నాటి బ్లాకింగ్ నిబంధనల్లో ఈ వ్యవహారమంతా గోప్యంగా ఉంచాలని రాసుంది. పోస్టు పెట్టినవాడికి తన మీద వచ్చిన ఉత్తర్వు చాలాసార్లు చేతికి రాదు. ట్విటర్ ఇలాంటి ఉత్తర్వుల మీద కర్ణాటక హైకోర్టుకు వెళ్తే 2023 జూన్‌లో కేసు కొట్టేసి 50 లక్షల రూపాయలు కట్టమన్నారు. కేంద్రం నడిపే ‘సహయోగ్’ పోర్టల్ ద్వారా వచ్చే తొలగింపు ఆదేశాల మీద అదే కంపెనీ, ఇప్పుడు ఎక్స్ పేరుతో, మళ్లీ వెళ్తే 2025 సెప్టెంబర్‌లో అదీ కొట్టేశారు. కోర్టు మాట కోర్టుది. నా మాట వేరు. బడిలో పిల్లవాణ్ని బెంచీ ఎక్కించేటప్పుడు కూడా మీరు కారణం చెప్పే ఎక్కించి ఉంటారు.

కరీంనగర్ నుంచి ఒక గృహిణి: మా వాడకట్టు మోరీ నిండి ఇంట్లకు నీళ్లొస్తున్నయని మా ప్రజాప్రతినిధి పేజీల రాస్తే నన్ను బ్లాక్ చేసిండు. చేయొచ్చా?

అమెరికాలో పోర్ట్ హ్యూరన్ అనే ఊళ్లో సిటీ మేనేజర్ ఇదే చేస్తే 2024లో సుప్రీంకోర్టు కొలత చెప్పింది: ఆ మనిషికి ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఉండాలి, ఆ పోస్టులో ఆ అధికారాన్నే వాడుతుండాలి. రెండూ ఉంటే బ్లాక్ చేయడం ప్రభుత్వ చర్యే. పిల్లల పుట్టినరోజు ఫొటోల పేజీ అయితే కాదు. మీకు కావాల్సింది తీర్పు కాదు, మోరీ తీయడం కదమ్మా. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. కాగితానికి బ్లాక్ బటన్ ఉండదు.

హైదరాబాద్ నుంచి, పేరూ కంపెనీ పేరూ వద్దన్న యువకుడు: సర్, మీ పాఠకులు తిట్టే ఆ తీసేసేవాణ్ని నేనే. షిఫ్టులో వందల పోస్టులు చూడాలి. నిన్న ఒకడు ‘నీ అంతు చూస్తా’ అని రాశాడు. కింద మూడు నవ్వు బొమ్మలు. బావామరదులో, పగవాళ్లో నాకెలా తెలుస్తుంది? నాది సిద్దిపేట, రాసినవాడిది శ్రీకాకుళం. తీస్తే వాడు తిడతాడు, ఉంచితే క్వాలిటీవాళ్లు స్కోరు కోస్తారు. మీరూ ఇన్నేళ్లు ఉత్తరాలు పారేశారు కదా, నిద్ర పట్టేదా?

బాగానే పట్టేది బాబూ. ఆ కల్వర్టు ఆయన వచ్చిన రాత్రి తప్ప.

నీకూ నాకూ పోలిక సగమే. నేను చూసినవి ఉత్తరాలు. మరీ ఘోరమంటే బూతులు. నువ్వు చూసేవి తలచుకుంటేనే నాకు ముద్ద దిగదు. హైదరాబాద్‌లో ఒక ఔట్‌సోర్సింగ్ కంపెనీలో ఫేస్‌బుక్ కోసం ఈ పని చేసేవాళ్ల జీతాలు, ఒత్తిడి గురించి 2019లో రాయిటర్స్ రాసింది. అమెరికాలో ఈ పని చేసి మనసు చెదిరినవాళ్లు కేసు వేస్తే, 2020లో ఫేస్‌బుక్ 5 కోట్ల 20 లక్షల డాలర్లకు రాజీ పడింది. అది అక్కడివాళ్లకు.

ఇంకో తేడా, నాకు పక్కన బల్లలుండేవి. ఒకసారి విజయనగరం వైపు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరంలో ‘మా గుంటను బడిలో చేర్చుకోలేదు’ అని ఉంది. కన్నకూతుర్ని పట్టుకుని ఈ తిట్టేమిటని ఎర్ర పెన్ను తీశాను. ఎదురు బల్ల మీద పార్వతీపురం నుంచి వచ్చిన సబ్ ఎడిటర్ ఒకాయన కూర్చునేవాడు. ‘ఏటిది గురువుగారూ, మా ఊళ్లో గుంటంటే పిల్ల!’ అన్నాడు. ఆ పూట ఉత్తరం బతికింది, నా పరువూ దక్కింది. నీకు ఆ ఎదురు బల్ల లేదు. క్షణాలు లెక్కపెట్టే గడియారం ఉంది. ‘నటనతో చంపేశాడు’ అన్నది మెచ్చుకోలని యంత్రానికి నేర్పేవాళ్లెవరో నాకు తెలీదు గానీ, ప్రతి షిఫ్టులో ఉత్తరాంధ్ర మనిషి ఒకరు, సీమ మనిషి ఒకరు, తెలంగాణ మనిషి ఒకరు ఉండాలని మీ టీమ్ లీడర్‌ను అడుగు. పేరు లేకుండానే అడుగు.

నువ్వు చెప్పిన పోస్టు మాత్రం, నేనైతే ఉంచేవాణ్ని. బావామరదులే అనుకుంటున్నా. మూడు నవ్వు బొమ్మలు పెట్టి మరీ పగ తీర్చుకుంటారా ఎవరైనా? ఏమో, ఆ పార్వతీపురం ఆయన ఇప్పుడు విశాఖలో కొడుకు దగ్గరున్నాడు. ఆదివారం ఫోన్ చేసి అడిగి, వచ్చే నెల చెబుతాను.